చీర కట్టిన కాలిఫోర్నియా కుమ్మరి: బియాట్రిస్ వుడ్

[తెరపై: చక్రం ముందు కూర్చున్న వృద్ధురాలి ఫోటో]

ఈ ఫోటోలో ఉన్నది అమెరికన్ మహిళ. ఒంటి మీద చీర, మెడ నిండా, చేతుల నిండా బరువైన వెండి నగలు. ఎదురుగా కుమ్మరి చక్రం. ఈమె పేరు బియాట్రిస్ వుడ్. నలభై ఏళ్ళ వయసులో మట్టి పట్టుకున్నారు, నూరేళ్ళు దాటాక కూడా వదల్లేదు.

ఈమె చేసిన పాత్రలు కళ్ళు చెదిరే రంగులతో ఉంటాయి. బంగారం, గులాబీ, నెమలికంఠపు నీలం, ఆకుపచ్చ, అన్నీ ఒకే గిన్నె మీద మెరుస్తాయి. అయితే చాలామంది ఆమె ఇంటికి వెళ్ళింది గిన్నెల కోసం కాదు, ఆమెను చూడడానికి. వచ్చినవాళ్ళతో ఆమె కబుర్లు చెప్పేవారు, నవ్వించేవారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు చేతిలో ఒక గిన్నె ఉండేది. కళాకారుల వ్యక్తిత్వం వాళ్ళ పనిని జనంలోకి ఎలా తీసుకెళుతుందో, ఎక్కడ అడ్డుపడుతుందో ఈరోజు చూద్దాం.

[తెరపై: 1917, న్యూయార్క్]

వుడ్ 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సంపన్నుల ఇంట పుట్టారు. తల్లికి ఇష్టం లేకపోయినా నాటకాల్లో నటించారు. న్యూయార్క్‌లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్ స్నేహబృందంలో చేరారు. 1917లో అక్కడ ఒక పెద్ద కళా ప్రదర్శన జరిగింది. డ్యుషాంప్ కళాఖండం అంటూ పంపిన పింగాణీ యూరినల్‌ను నిర్వాహకులు తిప్పికొట్టింది ఆ ప్రదర్శనలోనే. వుడ్ స్నానం చేస్తున్న స్త్రీ చిత్రాన్ని పెట్టారు. కప్పవలసిన చోట రంగు వేయకుండా నిజమైన సబ్బు బిళ్ళను అతికించారు. జనం విరగబడి చూశారు. కొందరు మగవాళ్ళు తమ విజిటింగ్ కార్డులు ఆ చిత్రం చట్రంలో దోపి మరీ వెళ్ళారు. అప్పటికి ఆమె వయసు 24. జనాన్ని తన వైపు తిప్పుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మట్టి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. దానికి దారి తీసింది మదనపల్లెలో పుట్టిన మనిషి అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు వినడానికి వుడ్ హాలండ్ వెళ్ళారు. అక్కడ పాత వస్తువుల దుకాణంలో లోహపు మెరుపు ఉన్న కొన్ని పళ్ళాలు కొన్నారు. వాటికి జోడీగా ఒక టీ కెటిల్ కావాలని ఎంత వెతికినా దొరకలేదు. సరే, నేనే చేసుకుంటాను అని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్ళకు నడిపే సిరామిక్ తరగతిలో చేరారు. ఆ ఒక్క కెటిల్ కోసం మొదలైన పని ఆమె జీవితం మొత్తాన్నీ తీసేసుకుంది. తర్వాత గెర్ట్రూడ్, ఒట్టో నాట్జ్‌లర్ దంపతుల దగ్గర శిష్యరికం చేశారు. నాజీల పాలనలోకి వెళ్ళిన ఆస్ట్రియాను వదిలి 1938లో లాస్ ఏంజెలెస్ చేరిన గొప్ప సిరామిక్ కళాకారులు వాళ్ళు.

[తెరపై: లస్టర్ గిన్నె దగ్గరి షాట్. కెమెరా నెమ్మదిగా చుట్టూ తిరగాలి]

ఇప్పుడు ఈ గిన్నెను దగ్గర నుంచి చూడండి. ఇలాంటి మెరుపును లస్టర్ అంటారు. మట్టి పాత్ర మీద పూసి కాల్చే గాజు పూత గ్లేజ్. లస్టర్ కోసం అందులో రాగి, వెండి వంటి లోహాల లవణాలు కలుపుతారు. బట్టీలో సరైన వేడి దగ్గర గాలి తగ్గించి పొగ పుట్టిస్తారు. ఇందుకోసం కొందరు బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా లోపలికి వేస్తారు. మంటకు ఆక్సిజన్ చాలదు. కావలసినదాన్ని పూతలో ఉన్న లోహపు ఆక్సైడుల నుంచి లాక్కుంటుంది. ఆక్సిజన్ పోగా మిగిలిన లోహం చాలా పలుచని పొరగా ఏర్పడుతుంది. దాని మీద పడిన వెలుతురు, నీటి మీద తేలే నూనె తెట్టులా, మనం కదిలినప్పుడల్లా రంగు మారుతుంది.

ఈ విద్య ఇరాక్‌లో తొమ్మిదో శతాబ్దం నాటికే ఉంది. అక్కడ ముందు పాత్రను పూతతో కాల్చేవారు, ఆ పూత మీద లోహంతో బొమ్మలు గీసి మళ్ళీ తక్కువ వేడిలో కాల్చేవారు. వుడ్ దారి వేరు. లోహాన్ని పూతలోనే కలిపి గిన్నె అంతటా మెరుపు తెచ్చారు. పూత పొంగినా, గుంతలు పడినా, ఒక వైపు జారిపోయినా పారేయలేదు. శిక్షణ పొందిన కుమ్మరి లోపం అనుకునేదాన్ని ఆమె అందంగా చూపించారు. నా దృష్టిలో ఆమె అసలు ధైర్యం ఇది. సబ్బు బిళ్ళ అతికించిన మనిషే ఇక్కడా కనిపిస్తుంది.

1948లో, 55 ఏళ్ళ వయసులో, కృష్ణమూర్తికి దగ్గరగా ఉండాలని వుడ్ కాలిఫోర్నియాలోని ఒహాయ్ లోయకు మారారు. 1961లో అమెరికా ప్రభుత్వం తరఫున భారతదేశం వచ్చి పలు నగరాల్లో తన పాత్రలు ప్రదర్శించారు. చీర ఆ ప్రయాణంతో ఆమె నిత్యవేషమైంది. ఇంత దీర్ఘాయువు ఎలా వచ్చిందని అడిగితే చాక్లెట్లు, కుర్రవాళ్ళు అని చెప్పేవారు. ఆ జవాబును పత్రికలు ఎన్నిసార్లు అచ్చేశాయో లెక్కలేదు. ప్రతిసారీ పక్కన ఒక గిన్నె ఫోటో కూడా ఉండేది.

[తెరపై: పొడవాటి మీసాలతో జార్జ్ ఓర్]

అందరికీ ఇలా కలిసిరాలేదు. వుడ్ కన్నా ముందు తరంలో, మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీలో జార్జ్ ఓర్ ఉండేవారు. చాలా పొడవైన మీసాలు, కెమెరా ముందు చిత్రమైన భంగిమలు, ప్రపంచంలో నా అంతటి కుమ్మరి లేడని బోర్డులు. జనం ఆయన్ను బిలాక్సీ పిచ్చి కుమ్మరి అన్నారు. ఆయన కూడా దాన్నే చాటుకున్నారు. 1894లో దుకాణం కాలిపోయింది. ఆ తర్వాత ఆయన చేసినవి అద్భుతాలు. కాగితమంత పలుచని గోడలు, వాటిని మెలితిప్పి, నలిపి, మడిచి చేసిన కూజాలు, వాటి మీద మంటల్లాంటి రంగులు. తమాషా చూడడానికి జనం వచ్చారు, నవ్వుకుని వెళ్ళారు. కొన్నవాళ్ళు తక్కువ. ఓర్ సుమారు 1910లో పని మానేసి వేల పాత్రలను కుటుంబానికి అప్పగించారు, 1918లో చనిపోయారు. 1960ల చివర్లో న్యూజెర్సీ వ్యాపారి ఒకరి కంట పడేదాకా అవి మూలనే ఉన్నాయి. ఈరోజు బిలాక్సీలో ఆయన పేరున ఉన్న మ్యూజియానికి నమూనా గీసింది ప్రసిద్ధ భవన శిల్పి ఫ్రాంక్ గేరీ.

ఇద్దరూ జనాన్ని ఆకర్షించారు కదా, తేడా ఎక్కడుంది? ఓర్ గుమ్మం దగ్గర హడావుడి చేశారు. వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. వుడ్ తన ఇంట్లోకి, మెరిసే గిన్నెల వరుసల మధ్యకు తీసుకెళ్ళి కబుర్లు చెప్పారు. కాలం కూడా తేడా తెచ్చింది. ఓర్ చేసిన వంకర కూజాను కళగా చూడగల కన్ను 1900 నాటికి అమెరికాలో ఇంకా తయారు కాలేదు. తప్పంతా ఆయన మీసాల మీద వేయడం న్యాయం కాదు.

వుడ్‌కు కూడా ఈ పేరు పూర్తిగా మేలు చేయలేదు. ఆమె గురించిన వ్యాసాలు చాలావరకు ప్రేమకథలతో మొదలవుతాయి. డ్యుషాంప్ పేరు వస్తుంది, చాక్లెట్లు వస్తాయి. దశాబ్దాల పాటు బట్టీ ముందు చేసిన రసాయన ప్రయోగాలకు చివర్లో ఒక వాక్యం దొరుకుతుంది. ఇది నాకు బాధ కలిగిస్తుంది. ఆ మెరుపు పొందికైన మాటలతో రాలేదు.

[తెరపై: ఒహాయ్ కొండలు, వుడ్ ఇల్లు]

105వ పుట్టినరోజు జరిగిన 9 రోజులకు, 1998 మార్చి 12న వుడ్ కన్నుమూశారు. ఒహాయ్‌లోని ఆమె ఇల్లు ఇప్పుడు కళాకేంద్రం. లాస్ ఏంజెలెస్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్ళండి. ముందుగా వేళలు కనుక్కోండి. ఈ వీడియోలో లస్టర్ సగమే కనిపిస్తుంది, ఎందుకంటే మీ బదులు కెమెరా కదులుతోంది. అక్కడ గిన్నె ముందు నిలబడి, మీరే ఒక అడుగు అటూ ఇటూ వేసి చూడండి.