సినిమా తన మాట తనే తప్పితే

అందరికీ నమస్కారం. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో తప్పుల గురించి మాట్లాడమన్నారు. వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం ఉండదు. కొన్నిటిని చూసి నవ్వుకోవచ్చు, కొన్నిటిని వదిలేయొచ్చు, ఒక్క రకాన్ని మాత్రం నిలదీయాలి.

నవ్వుకునేవి కంటిన్యుటీ తప్పులు, అంటే ఒక షాట్‌కీ తరవాతి షాట్‌కీ పొంతన కుదరనివి. సినిమాని కథ వరసలో తీయరు. ఈ సీన్ ఇవాళ తీస్తే, దాని తరవాతిది రెండు నెలలకి తీయొచ్చు. గాయం ఏ చెంప మీద ఉంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి అని రాసుకోవడానికి సెట్లో మనిషి ఉంటారు. అయినా ఏదో ఒకటి జారిపోతుంది. 'టెర్మినేటర్ 2'లో ట్రక్కు వంతెన మీంచి కాలవలోకి దూకినప్పుడు ముందు అద్దాలు ఊడిపోతాయి. మరు షాట్లో మళ్ళీ ఉంటాయి. 1977 నాటి 'స్టార్ వార్స్'లో గదిలోకి వస్తున్న ఒక సైనికుడు తలుపుకి తల కొట్టుకుంటాడు. తరవాత వచ్చిన డీవీడీలో ఆ దెబ్బకి చప్పుడు కూడా చేర్చారు. వాళ్ళే నవ్వేస్తుంటే మనమేం తిడతాం?

ఇక సైన్స్ తప్పులు. 'గ్రావిటీ'లో హబుల్ టెలిస్కోప్ దగ్గర ప్రమాదం జరిగితే, వ్యోమగాములు వీపుకి జెట్ కట్టుకుని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిపోతారు. నిజానికి హబుల్ కక్ష్య భూమధ్యరేఖకి 28 డిగ్రీల పైచిలుకు వంపులో, అంతరిక్ష కేంద్రం కక్ష్య 51 డిగ్రీల పైచిలుకు వంపులో ఉంటాయి. ఆ సినిమా వచ్చిన 2013లో ఎత్తులోనూ వంద కిలోమీటర్లకి పైగా తేడా ఉండేది. జెట్ కట్టుకుని దాటే దూరం కాదు. 'ది మార్షియన్'లో రాకెట్‌ని పడగొట్టేంత దుమ్ము తుఫాను వస్తుంది. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ తుఫానుకి అంత బలం ఉండదు. ఈ సంగతి తెలిసే రాశానని మూల నవల రాసిన ఆండీ వియర్ చెప్పాడు. నేనైతే వదిలేస్తాను. తుఫాను లేకపోతే హీరో అక్కడ ఒంటరిగా చిక్కుకోడు, కథే లేదు.

నిలదీయాల్సింది సినిమా తను పెట్టిన రూలుని తనే తప్పినప్పుడు. నాకు తెలిసి దీనికి మంచి ఉదాహరణ 1989లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండో భాగం.

1985కి చెందిన కుర్రాడు మార్టీ, టైమ్ మెషిన్ కారు తయారుచేసిన శాస్త్రవేత్త డాక్ అందులో 2015కి వెళ్తారు. అక్కడ వాళ్ళ ఊరి రౌడీ బిఫ్, అప్పటికి ముసలివాడు, ఆ కారు కొట్టేసి 1955కి వెళ్తాడు. యాభై ఏళ్ళ ఆటల ఫలితాలున్న పుస్తకాన్ని కుర్ర బిఫ్ చేతిలో, అంటే తన చేతిలోనే, పెడతాడు. తిరిగి 2015కి వచ్చి కారు వదిలేస్తాడు. ఇవేమీ తెలియని డాక్, మార్టీ అదే కారులో 1985కి వస్తే ఊరు ఊరంతా మారిపోయి ఉంటుంది. పందేల్లో కోట్లు గడించిన బిఫ్ దాన్ని ఏలుతుంటాడు. "2015కి వెళ్ళి ముసలాయన్ని ఆపుదాం" అంటాడు మార్టీ. కుదరదంటాడు డాక్. బోర్డు మీద గీత గీసి మరీ చెప్తాడు: ఇక్కణ్ణుంచి ముందుకి వెళ్తే వచ్చేది ఈ పాడైపోయిన 1985కి కొనసాగింపుగా ఉండే 2015 మాత్రమే.

బాగుంది. మరి పుస్తకం ఇచ్చేశాక ముసలి బిఫ్ కూడా 1955 నుంచి ముందుకే కదా వెళ్ళింది? పాత 2015కి ఎలా చేరాడు? పైగా డాక్, మార్టీ ఇంకా అక్కడే ఉన్నారు!

తీసి, తరవాత కత్తిరించిన ఒక సీన్ ఉంది. 2015కి తిరిగొచ్చి కారు దిగిన ముసలి బిఫ్ ఆ సీన్లో మాయమైపోతాడు. సినిమాలో మిగిలింది అతను నొప్పితో మెలికలు తిరగడమే, అదెందుకో మనకి అర్థం కాదు. నన్నడిగితే ఆ సీన్ ఉంచాల్సింది. మార్పు మెల్లగా పాకుతుందని మొదటి భాగంలోనే చూపించారు. అందులో మార్టీ 1955కి వెళ్ళి తన అమ్మానాన్నల పరిచయానికే అడ్డుపడతాడు, దాంతో అతని దగ్గరున్న ఫోటోలో ముందు అన్న, తరవాత అక్క, చివరికి మార్టీ చెరిగిపోతుంటారు. ఒకేసారి ఎందుకు మాయం కారని అప్పట్లో ఎగతాళి చేసినవాళ్ళున్నారు. కానీ ఆ రూలుతోనే బిఫ్‌ని గట్టెక్కించొచ్చు: అతను చేరేసరికి మార్పు ఇంకా 2015 దాకా పాకలేదు, అంతే.

దీనికీ ఒక చిక్కుంది. మొదటి భాగంలో 1955 నుంచి 1985 నాటి మార్టీ దాకా పాకడానికి మార్పుకి వారం పట్టింది. అంతకి రెట్టింపు దూరంలో ఉన్న బిఫ్‌ని మాత్రం కారు దిగిన కాసేపటికే పట్టేసింది. ఈ లెక్క ఎవరైనా కుదర్చగలిగితే చెయ్యెత్తండి, మైక్ అటు పంపిస్తాను.