పొద వెనక తోడేలు: స్కైరిమ్ సంగీతంలో ఏది బాగుంది, ఏది బాలేదు

(తెర నల్లగా ఉంటుంది. ఎనిమిది సెకన్లు డ్రమ్స్ మోత. ఆ తర్వాత ఆట కనిపిస్తుంది: ఖాళీ బాట, రెండు వైపులా మంచు.)

ఇక్కడ మీకు ఎవరైనా కనిపిస్తున్నారా? లేదు కదా. బాట ఖాళీ, నా బొమ్మ ఒక్కటే నడుస్తోంది. అయినా నేను కత్తి దూశాను. ఎందుకంటే ఆ పొద వెనకో, ఆ బండ వెనకో ఒక తోడేలు ఉంది. నేను చూడలేదు, దాని అడుగుల చప్పుడూ వినలేదు. డ్రమ్స్ చెప్పాయి.

(తోడేలు దూకుతుంది. రెండు వేట్లు. పడిపోతుంది. సంగీతం ఆగుతుంది.)

అంతే, అయిపోయింది. ఈ ఒక్క తోడేలుకి అంత భేరీ మోగించారు.

నమస్కారం. నేను పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, ఒడియా రెండూ. ఇవాళ మన వీడియో ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్’ అనే వీడియో గేమ్ సంగీతం గురించి. 2011 నవంబర్ 11న వచ్చిన ఆట, సంగీతం జెరెమీ సోల్. పాటల్ని విడిగా నాలుగు సీడీల్లో అమ్మారు, మొత్తం 53 ట్రాకులు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కామెంట్లలో తిట్టుకోవచ్చు. ఈ సంగీతానికి కొండలు బాగా తెలుసు. మనుషులు అంతగా తెలీదు.

ఒక చిన్న మాట. అసలు ట్రాకులు కొన్ని సెకన్లే వినిపిస్తాను, లేకపోతే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. మిగతాది మా మావయ్య భజన హార్మోనియం మీద నేనే వాయిస్తాను. అందులో ఒక కీ పలకదు, సర్దుకోండి.

(ఆట దృశ్యం: తెల్లవారుజాము, కొండల మీద పొగమంచు. సంగీతం లేదు, గాలి మాత్రమే.)

ముందు ఇది వినండి.

(ఆరు సెకన్లు గాలి చప్పుడు.)

నేను మ్యూట్ చెయ్యలేదండీ. ఆట సంగతే అంత. ఒక ట్రాకు అయిపోయాక ఇంకొకటి వెంటనే మొదలవ్వదు. కాసేపు గాలి, నీటి చప్పుడు, మన అడుగులు. ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వయొలిన్లు మెల్లగా లేస్తాయి. ఎప్పుడు మొదలైందో మీకు తెలీదు. చాలా ఆటల్లో సంగీతం హోటల్లో టీవీలా ఒకటే మోగుతుంటుంది. ఇక్కడ అలా కాదు, ఎప్పుడు నోరు మూసుకోవాలో దీనికి తెలుసు. నా లెక్కలో స్కైరిమ్ సంగీతం చేసిన పెద్ద పని అదే.

మా జిల్లాలో మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. పొద్దున్నే పైకెళ్తే భీముడి గుడి కూడా మంచులో సగమే కనిపిస్తుంది. శివరాత్రికి వెళ్తే జనం, మైకులు, అది వేరే కథ. మామూలు రోజున వెళ్ళండి. అక్కడ నిలబడ్డప్పుడు చెవిలో ఒక రకమైన నిండుతనం ఉంటుంది, నిశ్శబ్దమే కానీ ఖాళీ కాదు. స్కైరిమ్‌లో ‘ఫార్ హొరైజన్స్’ అనే ట్రాకు వింటే నాకు ఆ కొండే గుర్తొస్తుంది. అందులో గట్టిగా పట్టుకుని పాడుకునే బాణీ ఏమీ ఉండదు. స్వరాలు చాలా సేపు నిలబడతాయి, ఒకదాని మీద ఒకటి వాలతాయి, కరిగిపోతాయి. కూనిరాగం తీద్దామంటే చేతికి దొరకదు. అది లోపమనుకునేవాళ్ళు ఉన్నారు. నాకైతే అదే కావాలి. గంటల తరబడి నడిచే ఆటలో పట్టుబాణీ ఉంటే మూడో గంటకి తలనొప్పే.

ఆ ఆల్బమ్ చివరి ట్రాకు 42 నిమిషాలు. అందులో గాలి, గుహల్లో మోత, వాన, వాటి మధ్య అక్కడక్కడా సంగీతం. పరీక్షల రోజుల్లో రాత్రిళ్ళు అది పెట్టుకుని చదివాను. మార్కుల సంగతి అడక్కండి.

(రాత్రి దృశ్యం: ఆకాశంలో రెండు చంద్రులు.)

ఇక రాత్రి పాట. ఈ లోకానికి ఇద్దరు చంద్రులు, అందులో చిన్నదాని పేరు సెకుండా. ఆ పేరుతోనే ఒక ట్రాకు ఉంది.

(హార్మోనియం మీద ఆరు సెకన్లు, చాలా నెమ్మదిగా.)

ఒకసారి రాత్రి ఈ పాట వస్తుంటే మా అమ్మమ్మ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

“ఏటిరా, ఎవులు పోయినారు?”

“ఎవరూ పోలేదు అమ్మమ్మా. ఆటలో రాత్రయింది, అంతే.”

“రాత్రయితే ఏడుస్తారేటి?”

అని లోపలికెళ్ళిపోలేదు. మంచం మీద కూర్చుని పాట అయ్యేదాకా విని, అప్పుడు వెళ్ళింది. ఈ సంగీతం మీద నేను విన్న సమీక్షల్లో అదే బెస్టు. మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి. కూర్చోబెట్టేంత అందం ఉంది. కానీ పొద్దున దిగులు, సాయంత్రం దిగులు, రాత్రి మరీ దిగులు. ఆ లోకంలో పెళ్ళిళ్ళవుతాయి, జనం తాగుతారు, పిల్లలు వీధుల్లో పరిగెడతారు. వాళ్ళెవరి కోసమూ ఒక్క కొంటె స్వరం వినిపించదు.

(టైటిల్ పాట, ఐదు సెకన్లు: మగవాళ్ళ బృందగానం.)

ఇది మాత్రం మీలో చాలామందికి తెలుసు, ఆట ఆడనివాళ్ళకి కూడా. రీళ్ళలో పిల్లి గోడ దూకితే కూడా వెనక ఇదే పెడుతున్నారు. ఈ పాట బలం ఎక్కడుందో చూద్దాం. మూడు స్వరాలు.

(హార్మోనియం మీద మూడు స్వరాలు మెట్లలా పైకి. మళ్ళీ అవే.)

ఇవి 2011లో పుట్టలేదు. ఇదే ఎల్డర్ స్క్రోల్స్ ఆటల్లో 2002లో వచ్చిన ‘మోరోవిండ్’ టైటిల్ పాటలో సోల్ ఈ మెట్లు వేశాడు. 2006లో ‘ఒబ్లివియన్’లో అవే మెట్లు వేగం పెంచుకుని వచ్చాయి. స్కైరిమ్‌కి వచ్చేసరికి వాటిని గొంతులకిచ్చాడు. ముప్పై మందికి పైగా ఉన్న బృందంతో మూడుసార్లు పాడించి, మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చారు. అందుకే తొంభై మంది పాడుతున్నట్టుంటుంది. ఆట చివర్లో వీరులు చేరే స్వర్గంలో అడుగుపెడతాం, పేరు సోవన్‌గార్డ్. అక్కడ కూడా ఇవే స్వరాలు తిరిగొస్తాయి. కానీ ఈసారి అరుపు కాదు, ప్రార్థనలా. మొదటిసారి విన్నప్పుడు నేను కంట్రోలర్ కింద పెట్టేశాను.

పాడే భాష డ్రాగన్ల భాష, ఆట కోసమే తయారుచేశారు. మాటలు కూర్చింది ఎమిల్ పాగ్లియరూలో. అక్షరాలు గీసింది ఆడమ్ ఆడమోవిచ్, మొత్తం 34, గోళ్ళతో గీరినట్టుంటాయి. ఇంగ్లీషులోకి మార్చి చదివినా ప్రాస కలిసేలా ఆ పాట రాశారు. ఇంత కష్టమెందుకు అనిపించొచ్చు. మా వైపు వాళ్ళకి అనిపించదు లెండి. ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి 24 అక్షరాల లిపి కట్టారు, పేరు సొరంగ్ సొంపెంగ్. అది జనం మాట్లాడే భాష, ఇది ఆట భాష, రెంటికీ పోలిక లేదు. అయినా ఆటలో రాతిగోడల మీద డ్రాగన్ అక్షరాలు చూసినప్పుడల్లా నాకు సొరంగ్ సొంపెంగ్ లిపే మెదులుతుంది.

ఒక్క విషయం చెప్పి ముందుకెళ్దాం. గొంతులు నిజమే కానీ, మిగతా ఆర్కెస్ట్రా చాలావరకు కంప్యూటర్లో శాంపిల్స్‌తో, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల ముక్కలతో, కట్టింది. నెమ్మది పాటల్లో తెలీదు. వేగం పెరిగితే మాత్రం వయొలిన్లన్నీ ఒకే మనిషి పది చేతులతో వాయించినట్టు వినిపిస్తాయి.

(మళ్ళీ మొదటి బాట దృశ్యం.)

వేగం అంటే యుద్ధం. తోడేలు దగ్గరికి వచ్చేశాం.

ఇది ఎలా పనిచేస్తుందో తేలిక మాటల్లో చెప్తాను. ఆట వెనకాల ఎప్పుడూ ఒక ప్రశ్న నడుస్తుంటుంది: ఇతన్ని శత్రువెవరైనా గమనించారా? లేదంటే నడక పాట. అవునంటే యుద్ధం పాట. డ్రాగన్‌లాంటి పెద్దవాటికి వేరే పాట ఉంది, సరే. కానీ తోడేలు, దొంగ, గట్టు మీద పీత, అన్నిటికీ డప్పు ఒకటే. పీత కూడానండీ! ఇంకా ఘోరం ఏమిటంటే, మీరు చీకట్లో నక్కి బాణం ఎక్కుపెట్టి వెళ్తున్నప్పుడు డ్రమ్స్ మొదలైతే, కనబడిపోయారని ఆటే చాడీ చెప్పేసినట్టు. శత్రువు ఏ బండ వెనకో ఇరుక్కుపోతే యుద్ధం ఇంకా నడుస్తోందనుకుని సంగీతం ఆగనే ఆగదు. మీరేమో బాట మధ్యలో నిలబడి ఆకాశం చూస్తుంటారు.

పాతపట్నం నుంచి ఇటు వస్తుంటే బోర్డుల మీద తెలుగు తగ్గుతూ ఒడియా పెరుగుతూ వస్తుంది, గీత ఎక్కడుందో కంటికి ఆనదు. స్కైరిమ్‌లో పగటి పాట నుంచి రాత్రి పాటకి మారడం అలాగే ఉంటుంది. యుద్ధం పాట మాత్రం చెక్‌పోస్టులో కర్ర దించినట్టు పడుతుంది.

మా ఊరి అమ్మోరు సంబరంలో డప్పు కొట్టేవాళ్ళని చూడండి. ఘటం మెల్లగా వస్తుంటే వాళ్ళ చేయి మెల్లగా. ఎవరి భుజమైనా అదిరిందా, పూనకం వస్తోందని డప్పుకి ఆ మనిషికంటే ముందే తెలుస్తుంది. ఉత్తుత్తి పూనకమైతే చేయి పెరగదు కూడా. వాళ్ళు మనిషి మొహం చూసి వాయిస్తారు. స్కైరిమ్ మొహం చూడదు, అవునా కాదా అనే అడుగుతుంది. మనుషులు తెలీదు అన్నది అందుకే.

ఊళ్ళల్లో అయితే ఇది ఇంకా తేలిపోతుంది. రేవు పట్నం, మంచు పట్నం, కోట ఉన్న పట్నం, ఎక్కడికెళ్ళినా వీధి పాటలు దాదాపు అవే. బాగుంటాయి, కాదనను. కానీ కళ్ళు మూసుకుంటే ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పలేం. బరంపురం బజారు, రాయగడ స్టేషను ఒకేలా వినిపిస్తాయా ఎక్కడైనా?

సత్రాల్లో పాడే గాయకుల దగ్గర ఉన్న పాటలే నాలుగైదు. రాగ్నార్ ది రెడ్ అనే వాడి కథ వందోసారి వినిపించాక గాయకుడి మీద కత్తి ఎత్తని ఆటగాడు లేడు. వాటిలో ఒక్క పనికి మాత్రం దణ్ణం పెట్టాలి. ఆ దేశంలో అంతర్యుద్ధం నడుస్తుంటుంది, రెండు పక్షాలు. ఒక పక్షం వాళ్ళు పాడే పాట, ఎదుటి పక్షం వాళ్ళు పాడే పాట, రెండింటికీ బాణీ ఒకటే. మాటలే వేరు. ఎన్నికలప్పుడు మా వీధిలో ఒకే సినిమా బాణీతో పొద్దున ఒక పార్టీ ఆటో, సాయంత్రం ఇంకో పార్టీ ఆటో తిరిగినట్టు. ఆ ఆట మొత్తంలో సంగీతం మనుషుల్ని నిజంగా చూసి నవ్విన చోటు నాకు అదొక్కటే దొరికింది.

పోల్చడానికి ‘విచర్ 3’ అనే ఇంకో ఆట చూడండి, 2015. పోలండ్‌లో పెర్సివల్ అనే జానపద బృందాన్ని తెచ్చి కలుపుకున్నారు. అందులో యుద్ధం వస్తే ఆడవాళ్ళ గొంతులు గద్దిస్తాయి, తీగ వాద్యాలు కీచుమంటాయి, ఎవరో మనుషులు చెమటలు కక్కుతూ వాయిస్తున్నారని తెలుస్తుంది. అయితే దాన్ని పెట్టుకుని పరీక్షకి చదవలేరు. నేను ప్రయత్నించాను.

(సెట్టింగ్స్ తెర.)

సరే, ఇప్పుడు ఒక ప్రయోగం. ఆడియోలోకి వెళ్తే సంగీతానికి వేరే స్లైడర్ ఉంది. సున్నా పెడుతున్నాను. అడుగుల చప్పుడు, గాలి ఉంటాయి. మొదట్లో నడిచిన బాట మీదే మళ్ళీ నడుస్తున్నాను. చూశారా, ఎంత హాయిగా ఉందో. అసలైన అడవిలో ఉన్నట్టుంది. డప్పు లేదు, చాడీ లేదు, ఇంక మన కళ్ళూ చెవులే మనకి...

(వెనక నుంచి తోడేలు. ఇంకొకటి. తెర ఎర్రబడుతుంది. బొమ్మ కింద పడుతుంది.)

(వెనక నుంచి మావయ్య గొంతు: “ఏరా, అయిపోయిందా? హార్మోనియం ఇటివ్వు, భజనకి టైమవుతోంది.”)

వస్తున్నా మావయ్యా.

(మళ్ళీ సెట్టింగ్స్ తెర. స్లైడర్ మెల్లగా పైకి కదిలి సగం దగ్గర ఆగుతుంది.)