ముప్పావు చేసిన పాపమేమిటి?

శ్రోతలకు నమస్కారం.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలు గుంటూరు బ్రాడీపేట ట్యూషన్లలో లెక్కల పుస్తకం తెరవగానే తడబడే చోటు ఒకటుంది. భిన్నంగా రాయగలిగే సంఖ్య, అంటే ఇంగ్లీషులో రేషనల్ అన్నది, తెలుగులో అకరణీయం. అలా రాయలేనిది, ఇర్రేషనల్ అన్నదేమో కరణీయం. 'కాదు' అని చెప్పే ముక్క ఆ భాషలో ఒకదానికి తగిలితే మన భాషలో రెండోదానికి తగిలింది. ఇంకేముంది, బిట్ పేపర్లో జవాబులు తారుమారు!

భాష తెలిసినవాళ్లకైతే నవ్వొస్తుంది. కరణీయం అంటే చేయదగినది కదా. అలాంటప్పుడు 3/4 అకరణీయ సంఖ్య అంటే, ముప్పావు చేయకూడని పనా? పాపం, ముప్పావు ఏం చేసిందని!

అసలు ఇక్కడ చూడాల్సింది కరణి అనే మాటని. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లోది అది. శుల్బం అంటే తాడు. ఒక చదరాన్ని తయారుచేసే తాడు, అంటే దాని భుజం, కరణి. వైశాల్యం రెట్టింపు కావాలంటే ద్వికరణి, మూడింతలు కావాలంటే త్రికరణి. మనం రూట్ 2, రూట్ 3 అనేవి ఇవే.

గోరంట్ల వైపు కొత్త ప్లాట్లలో పునాదికి ముగ్గు పోస్తుంటే ఓసారి నిలబడి చూడండి. మేస్త్రీ నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, తాడు బిగించి లాగి, ఎదురు మూలల మధ్య టేపు పట్టిస్తాడు. రెండు వైపులా కొలత ఒకటే వస్తేనే మూలమట్టం కుదిరినట్టు. పదడుగులకు పదడుగుల గదైతే ఆ కొలత 14 అడుగుల ఒకటిముప్పావు అంగుళాలకు రవ్వంత తక్కువ వస్తుంది. ఆ రవ్వంత ఎంతో ఏ భిన్నంతోనూ కచ్చితంగా తేల్చలేం. అడుగుని ఎన్ని సమభాగాలు చేసినా సరే, ఏ గీత మీదా సరిగ్గా ఆగదు. కానీ అదే తాడుని భుజంగా పెట్టి చదరం గీస్తే వైశాల్యం సరిగ్గా 200 చదరపు అడుగులు. ఆ తాడే ద్వికరణి.

దానికి శుల్బసూత్రకారుడు బౌధాయనుడు చెప్పిన లెక్క వినండి. ఒకటికి మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, చివర కలిపిన ఆ నాలుగో వంతులో 34వ వంతు తీసెయ్యి. వచ్చేది 577/408. మన మేస్త్రీ గదికి దీన్ని వాడితే తేడా మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు.

తర్వాతి గణితంలో మూలం సరిగ్గా తెగని సంఖ్యకి కరణి అనే పేరు నిలిచింది. కరణికి సంబంధించింది కరణీయం, కానిది అకరణీయం. రూట్ గుర్తుంది కదా అని రూట్ 4 కరణి అయిపోదు, అది నిక్షేపంగా 2. రాసేటప్పుడు ణ మీద పెట్టే దీర్ఘం మరవకూడదు. అకరణియ అనీ, అకరనీయ అనీ రాస్తుంటారు, రెండూ తప్పే. హిందీవాళ్లు పరిమేయ, అపరిమేయ అంటారు. వాళ్ల 'అ' ఇంగ్లీషు దారిలోనే ఉంది కాబట్టి వాళ్లకు ఈ తంటా లేదు.

ఇంగ్లీషు కథ వేరు. రేషనల్‌లో ఉన్నది రేషియో, నిష్పత్తి. కరణికి వాళ్లు వాడే సర్డ్ అనే మాట మాత్రం లాటిన్‌లో చెవిటి అని. గ్రీకులు 'నిష్పత్తి లేనిది', 'మాట లేనిది' అనే రెండర్థాలొచ్చే మాట వాడారు. అరబ్బులు దాన్ని చెవిటిది చేశారు. లాటిన్‌వాళ్లు ఆ చెవుడునే దించుకున్నారు.

మన పేరులోనూ ఒక లోపం ఉంది, దాచడమెందుకు? వృత్తం చుట్టుకొలతకీ వ్యాసానికీ ఉండే నిష్పత్తి, పై (π), కూడా కరణీయ సంఖ్యే. దాన్ని భిన్నంగా రాయలేమని లాంబర్ట్ అనే గణితవేత్త 1761లో నిరూపించాడు. కానీ అది ఏ భిన్నానికీ వర్గమూలం కాదు, ఘనమూలమూ కాదు. కరణి కాకుండానే కరణీయం అయింది! పైగా బడిలో 22/7 వేసి లెక్క చేయిస్తాం కాబట్టి పిల్లలు పై అంటే 22/7 అనే అనుకుంటారు. 22/7 అకరణీయం, పై కరణీయం. మీ ఇంట్లో పిల్లల్ని ఈ రెండూ పక్కపక్కన పెట్టి అడిగి చూడండి.