7 రోజుల రీప్లేస్‌మెంట్ అన్నారు, 9వ రోజు మిక్సీ ఆగిపోయింది

నమస్తే అండీ. ఇదిగో, ఈ 750 వాట్ల మిక్సీ ఆన్‌లైన్‌లో కొన్నాను. ఇంటికొచ్చిన 9వ రోజు మా అమ్మ ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతుంటే కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది కదా, లోడ్ ఎక్కువైతే బయటికొచ్చేది, అది నొక్కాం. గంటసేపు చల్లారనిచ్చి మళ్లీ నొక్కాం. జార్ తీసేసి ఉత్తి మోటారు వేసినా తిరగలేదు.

మిక్సీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పచ్చడి జార్ బాగుంది. పెద్ద జార్ మూత మొదటి రోజు నుంచీ వదులే. కొనమని మాత్రం చెప్పను.

యాప్‌లో అడిగితే "రీప్లేస్‌మెంట్ 7 రోజులేనండీ, గడువు దాటిపోయింది" అన్నారు. సర్వీస్ సెంటర్ వాళ్లేమో రిపేరు చేస్తాం గానీ మార్చి ఇవ్వం అన్నారు. పప్పు ఎక్కువ వేశానేమో, తప్పు నాదేనేమో అని అమ్మ అంటుంటే నాకు చాలా బాధేసింది. 9 రోజుల వస్తువండీ అది.

ఆ 7 రోజులు యాప్ వాళ్లు పెట్టుకున్న గడువు. వస్తువులో లోపం ఉంటే మనకున్న హక్కు దాంతో పోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. లోపం రుజువైతే బాగుచేసి ఇవ్వమనో, కొత్తది ఇవ్వమనో, డబ్బు వాపసు చేయమనో జిల్లా వినియోగదారుల కమిషన్ ఆదేశించవచ్చు. ఫిర్యాదుకి రెండేళ్ల టైముంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమని ఆ చట్టంలోనే రాసుంది. ఎన్నాళ్లలోపు? బిల్లు మీద గడువు ఉంటే అది, లేకపోతే 30 రోజులు. నా బిల్లు పీడీఎఫ్ తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదివాను. 7 రోజులన్న మాటే అందులో లేదు! యాప్ పేజీలో మాత్రమే ఉంది. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే యాప్ కంపెనీలో ఫిర్యాదులు చూసే ఆయనకి, రాసిన మెయిల్‌లో ఆ పాయింటే పెట్టాను, మోటారు తిరగని వీడియో జతచేశాను. ఆయన వివరాలు యాప్‌లో ఉండి తీరాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది ఇది.

అదే రోజు 1915కి కూడా ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పివ్వరు, మన ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. 12 రోజులకి నా డబ్బు మొత్తం అకౌంట్‌లో పడింది.

పడకపోయుంటే కమిషన్‌కి వెళ్లేదాన్ని. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే పెట్టొచ్చు. బిల్లు, వారంటీ కార్డు, చాట్ స్క్రీన్‌షాట్లు మాత్రం దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఏదైనా సరే, వెంటనే మెయిల్‌లో కూడా రాసి పంపండి.

కొత్త మిక్సీ ఆదివారం షాపుకెళ్లి కొంటాం. అమ్మ కూడా వస్తానంది. మోటారు తిప్పించి చూశాకే బిల్లు వేయమంటుందట.