పొద్దున్నే ఫ్యాన్ తిరుగుతోందా? ముందు సెన్సార్ చూడండి

యాంకర్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి కారణం నా కారే. పొద్దున తాళం తిప్పి స్టార్ట్ చేయగానే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే, రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది. మైలేజీ 16 నుంచి 12కి పడిపోయింది. ఒక షెడ్‌లో చూపిస్తే ఫ్యాన్ మోటార్ మార్చారు. డబ్బులు పోయాయి, సమస్య అలాగే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, తప్పు ఫ్యాన్‌ది కాదంటారా?

మెకానిక్: తిరుగుతోందంటేనే మోటార్ బాగున్నట్టు కదా తమ్ముడూ. దాన్ని తిరగమని చెప్పేది ఎవరో చూడాలి. చెప్పేది ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో ఈసీఎంకి చెప్పేది కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, దాని వేడి కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. ఆ కబురు రాకపోతే ఇంజిన్ ఎక్కడ ఓవర్‌హీట్ అవుతుందోనని ముందుజాగ్రత్తగా ఫ్యాన్ ఆన్ చేసి పెడుతుంది. చాలా కార్లలో ఇంతే.

యాంకర్: మరి మైలేజీ సంగతి?

మెకానిక్: సెన్సార్ లోపల ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2,000 నుంచి 3,000 ఓంలు, 80 దగ్గరికి వచ్చేసరికి 300 అటూ ఇటూ. సెన్సార్ పాడై, కాగిన ఇంజిన్‌ని కూడా చల్లగా ఉందని చెప్పిందనుకో, ఈసీఎం చలికాలం పొద్దున స్టార్టింగ్‌లో పోసినట్టు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. సైలెన్సర్‌లో నల్లపొగ, ప్లగ్గులకి మసి, పెట్రోల్ వాసన. నీ నాలుగు కిలోమీటర్లు పోయింది అక్కడే.

యాంకర్: కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్‌లో పీ0118 కోడ్ వచ్చింది. సెన్సార్ మార్చేయమన్నారు.

మెకానిక్: అక్కడే ఆగాలి! ఆ కోడ్ సెన్సార్ పోయిందని చెప్పదు. ఆ లైన్లో వోల్టేజి ఎక్కువ ఉందని చెబుతుంది, అంటే మామూలుగా ఎక్కడో సర్క్యూట్ తెగినట్టు. తెగింది సెన్సార్ లోపలా, వైరులోనా, తుప్పు పట్టిన కనెక్టర్ పిన్నులోనా? ఎలుకలు వైర్లు కొరికిన కార్లు నా దగ్గరికి బోలెడు వస్తాయి. రాత్రంతా ఆపిన కారుకి పొద్దున తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా స్కానర్ చూడాలి. లోపలికి వచ్చే గాలి, కూలెంట్, రెండూ దాదాపు ఒకే డిగ్రీలు చూపించాలి. గాలి 28 అని, కూలెంట్ మైనస్ 40 అని వస్తే సర్క్యూట్ తెగినట్టే. అప్పుడు కనెక్టర్ ఊడదీసి, అందులోని రెండు పిన్నులనీ చిన్న వైరు ముక్కతో కలపాలి. రీడింగ్ ఒక్కసారిగా 120 పైకి పోతే వైరింగ్ బాగుంది, సెన్సారే పోయింది. కదలకపోతే కొత్త సెన్సార్ కొన్నా దండగే. ఇది రెండు పిన్నుల సెన్సార్‌కే సుమా. మూడు పిన్నులుంటే డాష్‌బోర్డులోని టెంపరేచర్ మీటర్ వైరు కూడా అందులోనే ఉండొచ్చు, కలపొద్దు.

యాంకర్: మొన్న మీరు ఫోన్‌లో చెప్పాక చేశానన్నా. మైనస్ 40 నుంచి 130 దాటిపోయింది.

మెకానిక్: అయితే ధైర్యంగా మార్చు. కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ప్రెషర్‌తో కాగే కూలెంట్ ముఖం మీదకి చిమ్ముతుంది. అలా కాల్చుకున్న కుర్రాళ్లని చూశాను. ఆ బాధ ఎవరికీ వద్దు.

యాంకర్: సెన్సార్ ఎక్కడుంటుంది?

మెకానిక్: ఎక్కువగా థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, అంటే రేడియేటర్‌కి కూలెంట్‌ని వదిలే వాల్వు ఉండే డబ్బా దగ్గర. కొన్నిటికి మర, కొన్నిటికి క్లిప్పు. కనెక్టర్‌కి లాక్ ఉంటుంది, దాన్ని నొక్కి తీయాలి, వైరు పట్టుకుని లాగొద్దు. కొత్తది చేతిలో రెడీగా పెట్టుకుని పాతది తీస్తే కూలెంట్ కొంచెమే కారుతుంది. కొత్త ఓరింగ్, అంటే కూలెంట్ కారకుండా ఆపే రబ్బరు రింగు వేసి, ముందు మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పు. హౌసింగ్ ప్లాస్టిక్‌దో అల్యూమినియందో ఉంటుంది. స్పానర్‌తో బలంగా బిగిస్తే పగిలిపోతుంది, లేదా మర పోతుంది.

యాంకర్: తగ్గిన కూలెంట్‌కి బదులు నీళ్లు పోయొచ్చా?

మెకానిక్: కుళాయి నీళ్లు అసలు వద్దు, లోపల సున్నపు పొర కడుతుంది. కారు పుస్తకంలో రాసిన కూలెంటే పోయాలి. పోశాక లోపల గాలి మిగలకూడదు. సెన్సార్ చుట్టూ గాలి బుడగ ఉంటే కొత్తది కూడా తప్పే చెబుతుంది. కారుకి బ్లీడ్ స్క్రూ ఉంటే దాంతో గాలి తీసెయ్. కోడ్ చెరిపేసి స్టార్ట్ చేసి, స్కానర్ చూస్తూ ఉండు. అంకె మెల్లగా 90 దాటి ఎక్కి, ఫ్యాన్ దానంతటదే తిరిగి మళ్లీ ఆగిందంటే నాకు ఫోన్ చెయ్.

యాంకర్: ఆదివారం పొద్దున్నే చేస్తానన్నా.