ట్రైలర్ ముక్కు మీద ఎంత బరువుండాలి?

అందరికీ నమస్కారం.

మొదట ఒక చిన్న ప్రశ్న. మీ పికప్ ఎన్ని పౌండ్లు లాగగలదో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, దాదాపు అందరికీ తెలుసు. ఇప్పుడు అదే పికప్ పేలోడ్, అంటే తన మీద ఎంత బరువు మోయగలదో చెప్పగలిగేవాళ్ళు ఎత్తండి. ముగ్గురు. నాలుగో ఆయన సగం ఎత్తి దించేశారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బండి కొన్న రోజున నేనూ ఆ ముగ్గురిలో లేను. అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పేది లాగే శక్తి గురించే. పేలోడ్ సంగతి డ్రైవర్ డోర్ పక్కన చిన్న స్టిక్కర్ మీద ఉంటుంది. దాన్ని వంగి చదివేవాళ్ళు తక్కువ.

నేను ఎలా నేర్చుకున్నానో చెప్తాను. ట్రైలర్ తగిలించగానే నా బండి వెనక కిందికి దిగిపోయేది, ముందు ముక్కు పైకి లేచేది. తెలిసినాయన ఒకరు చూసి, "టంగ్ మీద బరువెక్కువైంది, సామాను వెనక్కి జరుపు" అన్నారు. టంగ్ అంటే బండికి తగిలించే ట్రైలర్ ముక్కు. జరిపాను. జనరేటర్ ట్రైలర్ వెనక అరలోకి పోయింది, రెండు సైకిళ్ళు వెనక బంపర్ రాక్ మీదికెక్కాయి. బండి చక్కగా సమానంగా నిలబడింది. చూసి మురిసిపోయాను. ఆ మధ్యాహ్నమే ఒక పల్లంలో, గంటకు 65 మైళ్ళ వేగంతో పోతుంటే, పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. దాని గాలికి ట్రైలర్ తోక ఒకసారి ఊగింది. రెండోసారి ఇంకా ఎక్కువ ఊగింది. మూడోసారి నా బండి వెనక భాగాన్ని కూడా లాగింది. మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. కంగారులో బండి బ్రేక్ తొక్కాను, చేయకూడని పని. కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డ్రైవర్ దగ్గరుండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీదున్న మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. అప్పుడు వెనకున్నది వెనక్కే లాగి, వరస తిన్నగా అవుతుంది. అదృష్టం కొద్దీ ఆ రోజు పల్లం అయిపోయింది, వేగం తగ్గింది, ఊపు ఆగింది.

తర్వాత కాటా వేయించాను. ట్రైలర్ మొత్తం 6,000 పౌండ్లు. టంగ్ మీద 430. అంటే ఏడు శాతం.

మామూలు ట్రైలర్‌కి, అంటే బండి వెనక హిచ్ బంతి మీద తగిలించేదానికి, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద పడాలి. పికప్ తొట్టిలోనే తగిలించే ఫిఫ్త్ వీల్, గూస్‌నెక్ ట్రైలర్లకు ఇది 15 నుంచి 25 దాకా ఉంటుంది. నా 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 600 నుంచి 900 మధ్య ఉండాలి. నేనేమో బండి అందంగా నిలబడాలని అందులోంచి దొంగతనం చేశాను.

ఎందుకిలా జరుగుతుందో ఎడ్లబండి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బరువంతా ఇరుసుకు వెనక వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల మెడ కింద తాడు బిగుస్తుంది. మరీ ముందుకేస్తే ఎడ్ల మెడలు వాలిపోతాయి. ఎడ్లబండి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి కథ అక్కడితో ఆగుతుంది. ట్రైలర్ హిచ్ బంతి దగ్గర అటూ ఇటూ తిరిగే గడియారపు లోలకం లాంటిది. బరువు ఇరుసుకు ముందు ఉన్నంతవరకు, ఏదైనా పక్కకు నెడితే చక్రాలు దాన్ని మళ్ళీ వరసలోకి తెస్తాయి. బరువు వెనక్కి పోయేకొద్దీ ఆ సర్దుకునే గుణం పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా పోతుంది. 50 మైళ్ళ దగ్గర తనంతట తాను సద్దుమణిగే ఊపే 65 దగ్గర పెరుగుతూ పోవచ్చు. అందుకే "ఇన్నేళ్ళుగా లాగుతున్నా, ఎప్పుడూ ఏం కాలేదు" అనే మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

ఇక్కడ కాటా చెప్పని విషయం ఒకటుంది. ఒక ట్రైలర్‌లో 400 పౌండ్ల సామాను ఇరుసు మీదే ఉందనుకోండి. ఇంకోదాంట్లో అదే 400ను రెండుగా చేసి సగం ముందు కొసలో, సగం వెనక కొసలో పెట్టారనుకోండి. టంగ్ బరువు రెండింటికీ దాదాపు ఒకటే రావచ్చు. కానీ రెండోది ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం చాలా కష్టం, కొసల్లో ఉన్న బరువు ఊపును పట్టుకుని వదలదు. బరువైనవి ఇరుసు దగ్గర, కిందిగా, కాస్త ముందువైపు ఉండాలి. కొసల్లో దుప్పట్లు పెట్టుకోండి.

యూరప్‌లో కారవాన్లు లాగేవాళ్ళు 75, 100 కిలోలకు మించి ముక్కు బరువు పెట్టరు కదా అని కొందరు అడుగుతుంటారు. చాలావరకు నిజమే. కానీ జర్మనీలో ట్రైలర్‌తో మామూలుగా గంటకు 80 కిలోమీటర్లే, ప్రత్యేక అనుమతి ఉంటే 100. అక్కడి కారవాన్ల తయారీ వేరు, వేగం వేరు. వాళ్ళ ముక్కు బరువు లెక్క తీసుకుని ఇక్కడ అమెరికాలో మన వేగంతో పోకూడదు.

సరే, టంగ్ మీద బరువు ఎక్కువే ఉండాలని ఒప్పుకున్నాం. ఆ బరువు ఎక్కడికి పోతుంది? మొత్తం పికప్ మీదికే. పేలోడ్ గొడవ ఇక్కడే మొదలవుతుంది.

డోర్ దగ్గర పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్‌లో, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించకూడదని రాసి ఉంటుంది. అది మీ బండికి మాత్రమే చెందిన అంకె. అదే మోడల్‌లో ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పెద్ద సీట్లు ఉన్న ఖరీదైన రకం తీసుకుంటే ఆ అంకె తగ్గుతుంది. ఖర్చెక్కువ పెట్టి తక్కువ మోసే బండి కొంటామన్నమాట. డ్రైవర్ బరువు కూడా ఆ అంకెలోనే ఇమడాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ట్యాంకు నిండా ఉన్న ఇంధనాన్ని మాత్రం కంపెనీ ముందే లెక్కలో వేసేసింది, దాన్ని మళ్ళీ కలపక్కర్లేదు.

ఒక లెక్క వేద్దాం. స్టిక్కర్ మీద 1,500 పౌండ్లు. బ్రోషర్‌లో లాగే శక్తి 11,000. ఇంట్లో నలుగురు, బట్టలు, బూట్లతో కలిపి 600. తొట్టి మీద మూత 60. టంగ్ బరువును ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ దాని సరంజామాతో 90. పనిముట్లు, కూలర్, తొట్టిలో మిగతావి 150. మొత్తం 900. మిగిలింది 600. ఆ ఆరు వందల్లోనే టంగ్ ఇమడాలి. 13 శాతం లెక్కన 600 టంగ్ బరువంటే 4,600 పౌండ్ల ట్రైలర్. పదకొండు వేలు ఎక్కడ, నాలుగు వేల ఆరు వందలు ఎక్కడ!

కంపెనీలు అబద్ధం చెప్తున్నాయనుకోకండి. అమెరికాలో లాగే శక్తిని కొలవడానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. 2011 మోడల్ టండ్రా పికప్‌తో టొయోటా దాన్ని మొదట పాటించింది, మిగతావాళ్ళు తర్వాత వచ్చారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరున్న ఎత్తు రోడ్డు ఎక్కించడం కూడా ఆ పరీక్షలో భాగం. పరీక్ష కఠినమైనదే. కానీ అందులో బండిలో ఉండేది ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. టంగ్ 10 శాతం. పిల్లలు లేరు, సైకిళ్ళు లేవు, తొట్టిలో జనరేటర్ లేదు. ఇంజన్ లాగగలదని నిరూపించిన అంకె అది. మీ సంసారం అంతా ఎక్కాక స్ప్రింగులు, ఇరుసు, టైర్లు మోయగలవని కాదు.

ఈ లెక్క చూడగానే చాలామందికి తట్టే ఉపాయం నేను చేసిందే: పేలోడ్ సరిపోవడం లేదు కాబట్టి టంగ్ తేలిక చేద్దాం. దయచేసి ఆ పని చేయకండి. టంగ్ శాతం తగ్గించి పేలోడ్‌ను కాపాడుకుంటే, స్టిక్కర్ దగ్గర తప్పించుకున్న ప్రమాదాన్ని హైవే మీద తెచ్చుకున్నట్టే. శాతాన్ని కదపకుండా మొత్తాలు తగ్గించాలి. చిన్న ట్రైలర్ తీసుకోవాలి, లేదా తొట్టి ఖాళీ చేయాలి, లేదా పెద్ద పికప్ కొనాలి. మూడోది వినడానికి బాగుంటుంది, ముందు రెండూ చేసి చూడండి.

తొట్టి ఖాళీ చేయడంలో ఒక చిన్న కిటుకు ఉంది. తొట్టిలో 200 పౌండ్ల వస్తువు ఉంటే పేలోడ్‌లోంచి 200 పోతాయి. దాన్నే ట్రైలర్‌లో ఇరుసుకు కొంచెం ముందు పెడితే టంగ్ మీద పడేది పాతిక, ముప్ఫై మాత్రమే. ఎంత పడుతుందో కాగితం మీదే తేల్చొచ్చు. వస్తువు బరువును, ఇరుసు నుంచి అది ఎన్ని అడుగుల ముందుందో ఆ అంకెతో హెచ్చించి, హిచ్ బంతి నుంచి ఇరుసు దాకా ఉన్న దూరంతో భాగించాలి. బంతి నుంచి ఇరుసు 16 అడుగులైతే, 200 పౌండ్లు రెండడుగుల ముందుంటే 25 పౌండ్లు. అదే వస్తువు నాలుగడుగులు వెనక్కి పోతే టంగ్ నుంచి 50 తగ్గుతాయి. రెండు ఇరుసులుంటే వాటి మధ్య నుంచి కొలవండి.

నీళ్ళ ట్యాంకు సంగతి కూడా ఇలాంటిదే. గాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైచిలుకు. 40 గాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్లు దాటుతుంది. ట్యాంకు ఇరుసుకు ముందుంటే టంగ్ పెరుగుతుంది, వెనకుంటే తగ్గుతుంది. మీది ఎక్కడుందో వంగి చూడండి. బయలుదేరేటప్పుడు ఒకలా, తిరిగొచ్చేటప్పుడు ఇంకోలా లాగుతోందని అనిపిస్తే సగం కారణం అదే. బ్రోషర్‌లో రాసే టంగ్ బరువు ఖాళీ ట్రైలర్‌ది. చాలాసార్లు ముందు ఉండే గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ అందులో కలవవు. 20 పౌండ్ల సిలిండర్ నిండుగా ఉంటే ఇనుముతో కలిపి 37 దాకా ఉంటుంది. రెండుంటే 74, అదీ సరిగ్గా టంగ్ మీద.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ గురించి అడుగుతారని తెలుసు. టంగ్ మీద 800 పౌండ్లు పడితే అది వెనక ఇరుసు మీద 800గా ఉండదు. బంతి ఇరుసుకు అయిదడుగులు వెనక ఉంది, చక్రాల మధ్య దూరం 12 అడుగులు అనుకోండి. మీట సూత్రం ప్రకారం ముందు ఇరుసు నుంచి 330 పౌండ్లు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 1,130 పడతాయి. స్టీరింగ్ తేలికవుతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది, రాత్రి హెడ్‌లైట్లు చెట్ల మీద పడతాయి. ఈ హిచ్ స్ప్రింగు కడ్డీలు ఆ లేచిపోయిన బరువులో కొంత ముందు ఇరుసుకు తిరిగిస్తాయి, కొంత ట్రైలర్ ఇరుసులకు పంపుతాయి. ఎంత తిరిగివ్వాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, అంతే బిగించండి. స్టిక్కర్ మీది అంకె మాత్రం దీనివల్ల పెరగదు. గాలి బస్తాలు, అంటే ఎయిర్ బ్యాగులు పెట్టించినా పెరగదు. అవి వెనక భాగాన్ని పైకెత్తుతాయి గానీ ముందు ఇరుసుకు ఒక్క పౌండు కూడా తిరిగివ్వవు. నా బండి సమానంగా నిలబడ్డ రోజే ఊగిందని గుర్తుంచుకోండి. రిసీవర్, అంటే బండి వెనక హిచ్ దూర్చే గొట్టం, దాని మీద కూడా రెండు అంకెలుంటాయి, ఈ హిచ్‌తో ఒకటి, లేకుండా ఒకటి. చాలా పికప్‌లలో లేకుండా ఉన్న అంకె చాలా తక్కువ.

ఇవన్నీ ఊహలతో తేలవు, కొలవాలి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ కాటాలుంటాయి. ఇరుసుల కింద వేర్వేరు పలకలు కాబట్టి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా చీటీ మీద వస్తాయి. ట్రైలర్ తగిలించి, స్ప్రింగు కడ్డీలు వదులు చేసి ఒకసారి తూచండి. ట్రైలర్ విప్పి, అదే మనుషులతో, అదే సామానుతో పికప్‌ను ఒక్కదాన్నే తూచండి. రెండుసార్లూ పికప్ ఇరుసుల మొత్తం తీసుకుని తేడా చూడండి, అదే టంగ్ బరువు. నాకు 6,980, 6,550 వచ్చాయి, తేడా 430. ఆ మొదటి మొత్తం డోర్ మీదున్న, బండి దాని మీదివన్నీ కలిపి మించకూడని బరువైన జీవీడబ్ల్యుఆర్‌కి లోపల ఉండాలి, ఏ ఇరుసు బరువూ దాని సొంత పరిమితి దాటకూడదు. కడ్డీలు బిగించి మూడోసారి తూచితే ముందు ఇరుసుకు ఎంత తిరిగొచ్చిందో తెలుస్తుంది.

కాటా దూరమైతే ఇంటి దగ్గర బాత్రూం తూకం యంత్రం చాలు. బలమైన చెక్క దూలం ఒక కొసను ఇటుక మీద, ఇంకో కొసను తూకం యంత్రం మీద పెట్టండి. రెండు చోట్లా దూలం కింద ఇనుప గొట్టం ముక్క ఉండాలి, ఆనే చోటు కచ్చితంగా తెలియడానికి. దూలం పెట్టాక యంత్రాన్ని సున్నాకి తెచ్చుకోండి. ఇటుక నుంచి సరిగ్గా ఒక అడుగు దూరంలో టంగ్, అక్కడినుంచి ఇంకో రెండడుగుల దూరంలో యంత్రం. వచ్చిన అంకెను మూడుతో హెచ్చించండి. 800 పౌండ్ల టంగ్ అయినా యంత్రం మీద పడేది 267 మాత్రమే. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టడం, ట్రైలర్ సమమట్టంగా, ప్రయాణంలో ఉండే ఎత్తులోనే ఉండటం చూసుకోండి. జాక్ దింపేటప్పుడు ఎవరి కాలూ కింద ఉండకూడదు.

దూలం, ఇటుక, యంత్రం బయట సిద్ధంగా పెట్టాం. మొదట నా ట్రైలర్‌తోనే మొదలుపెడదాం. సైకిళ్ళు ఈసారి లోపల, ఇరుసు మీద ఉన్నాయి. తూచేలోపు ఎంతొస్తుందో ఎవరికి వారు కాగితం మీద రాసుకోండి. సగం చెయ్యెత్తిన ఆయన మొదట రావాలి.