చిన్న పత్రిక పుటను తిరిగి రూపొందించేటప్పుడు

(విజయవాడలో సాహిత్య పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు, డీటీపీ పనివారు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, సంపాదక మిత్రులకు, రోజంతా తెర ముందు కూర్చుని పుటలు కట్టే డీటీపీ సోదరీ సోదరులకు నమస్కారం.

పత్రిక రూపం మార్చాలని అనుకున్నప్పుడు మన చర్చ ముఖచిత్రంతో మొదలవుతుంది. పేరు ఏ అక్షరాల్లో ఉండాలి, ఏ రంగు నప్పుతుంది అన్న చోటే చాలాసేపు తిరుగుతుంది. పాఠకుడు ముఖచిత్రాన్ని చూసేది కాసేపే. ఆ తరువాత గంటో రెండు గంటలో అతని కళ్లు పనిచేసేది లోపలి పాఠం మీద. అందువల్ల రూపకల్పనను ఒక మామూలు వ్యాసంలోని ఒక మామూలు పేరాతో మొదలుపెట్టాలని, ఆ పేరా కుదిరిన తరువాతే శీర్షికకూ బొమ్మకూ రంగుకూ వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ పేరాలో మొదట తేల్చవలసింది వరుసల మధ్య ఎడం. తెలుగు లిపిలో తలకట్టు, గుడి, ఎత్వం అక్షరానికి పైన కూర్చుంటాయి. వత్తులు కిందికి దిగుతాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. సకారం కింద తకారపు వత్తు, దానికి తోడు రకారపు వత్తు, పైన గుడిదీర్ఘం. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’ వంటి మాటలు పడిన వరుస కింద ‘కీర్తి’ అనో ‘వీణ’ అనో వచ్చిందంటే, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. తాకిన చోట చూపు ఆగుతుంది. పాఠకుడు అందుకు కారణం చెప్పలేడు, వ్యాసం బరువుగా ఉందని మాత్రం అంటాడు. ఎంతో శ్రమపడి రాసిన రచయితకు ఆ మాట పడడం అన్యాయం.

మన చిన్న పత్రికల్లో ఎక్కువగా కనిపించే 1/8 డెమ్మీ సైజునే లెక్కకు తీసుకుందాం. పుట సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. బైండింగు వైపు ముప్పావు అంగుళం, బయటివైపు అర అంగుళం వదిలితే పాఠానికి నాలుగుంపావు అంగుళాల వెడల్పు మిగులుతుంది. పైనా కిందా వదిలాక ఏడు అంగుళాల ఎత్తు, అంగుళానికి 72 చొప్పున 504 పాయింట్లు, దొరుకుతుంది. వరుసకు 14 పాయింట్ల చొప్పున కట్టితే పుటకు 36 వరుసలు పడతాయి, 16 పాయింట్లు ఇస్తే 31 వరుసలే. పుటకు ఐదు వరుసలు పోతాయి కనుక 64 పుటల్లో ఇమిడే పాఠం దాదాపు 75 పుటలకు పెరుగుతుంది. ఇక్కడే ప్రచురణకర్త కాగితం ఖర్చు గుర్తుచేస్తారు, అది న్యాయమైన మాటే. అయితే ఈ సైజులో ఫారానికి, అంటే అచ్చయ్యాక మడిచే ఒక పెద్ద కాగితానికి, 16 పుటలు కాబట్టి నాలుగు ఫారాల సంచిక ఐదు ఫారాలవుతుంది, అంటే 80 పుటలు. ఆ మిగిలిన నాలుగైదు పుటలను కవితల చుట్టూ ఖాళీకి, వ్యాసం మొదలయ్యే చోట కొంత తెరిపికి వాడుకోవచ్చు. ఐదో ఫారం భరించలేనివారు ఎడాన్ని తగ్గించకుండా, సంచికలో ఒక వ్యాసాన్ని తగ్గించాలి, లేదా పుట చుట్టూ గీసే బోర్డర్లనూ శీర్షికల కింద పెట్టే పూలతీగలనూ తీసివేసి ఆ చోటును పాఠానికి ఇవ్వాలి. ఈ నిర్ణయం సంపాదకుడు తీసుకోవలసినది. డీటీపీ చేసేవారి నెత్తిన పెట్టి “ఎలాగైనా సర్దండి” అనడం సరికాదు.

పాయింట్ల అంకెను గుడ్డిగా నమ్మకూడదన్నది కూడా చెప్పాలి. ఒక ఫాంటులో 12 పాయింట్ల అక్షరం మరొక ఫాంటులోని 14 పాయింట్ల అక్షరమంత కనిపిస్తుంది. కాబట్టి అచ్చు తీసిన కాగితం మీద స్కేలు పెట్టి చూసుకోవలసిందే.

ఇక ఫాంటు ఎంపిక. పాఠానికి వాడే ఫాంటును పరీక్షించడానికి ద, ధ, థ అక్షరాలను పక్కపక్కన చిన్న సైజులో అచ్చు తీసి చూడండి. థకారం కడుపులోని చుక్క సిరాలో మునిగిపోతే ఆ ఫాంటు శీర్షికలకు పనికివస్తుందేమో గాని పాఠానికి పనికిరాదు. బ, భ, ప, ష, మ, య జంటలనూ అలాగే చూడాలి. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, ధూర్జటి, పెద్దన, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర దళసరి అక్షరం కనుక శీర్షికల్లో నిండుగా ఉంటుంది, పేరాలో అదే ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. నోటో సెరిఫ్ తెలుగులో సన్నం నుంచి దళసరి వరకు అనేక మందాలున్నాయి. ఒకే కుటుంబంతో పత్రిక మొత్తం నడపాలనుకునేవారికి నేను దాన్నే సూచిస్తాను. బాపు గారి చేతిరాతను అనుసరించిన అక్షరాల మీద మనందరికీ మమకారం ఉంది. శీర్షికలో అవి వెలుగుతాయి. పది పుటల వ్యాసాన్ని ఆ రాతలో పెడితే ఆ అందం అలసటగా మారుతుంది.

ఇంగ్లీషులోలాగా మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. వాలు అక్షరాల సంప్రదాయం కూడా లేదు. తెర మీద అక్షరాన్ని పక్కకు వంచితే వత్తు తన అక్షరం కింద నుంచి జారినట్టు ఉంటుంది. అందుచేత శీర్షిక, ఉపశీర్షిక, ఉటంకింపు వేరుగా కనిపించడానికి మనకున్న సాధనాలు సైజు, మందం, చుట్టూ వదిలే ఖాళీ మాత్రమే. వీటిలో ఖాళీని మనం సరిగా వాడుకోవడం లేదు. ఉపశీర్షికకు పైన ఎక్కువ, కింద తక్కువ చోటు వదిలితే అది కింది పేరాకు చెందినదని ఇట్టే తెలుస్తుంది. రెండువైపులా సమానంగా వదిలితే ఎటూ కాకుండా వేలాడుతుంది.

డెమ్మీ పుటను రెండు కాలమ్‌లు చేయడం నాకు సమ్మతం కాదు. ఒక్కో కాలమ్‌లో నాలుగు మాటలకు మించి పట్టవు, మన మాటలేమో ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి. ‘ప్రజాస్వామ్యవ్యవస్థలోని’ వంటి మాట కింది వరుసకు దిగితే పై వరుసలో మిగిలిన రెండు మాటలను రెండు అంచులకూ లాగి కట్టవలసి వస్తుంది. అక్షరం దగ్గర మాటను విరవడం తెలుగు అచ్చుకు కొత్త కాదు, విరవండి. వత్తును మాత్రం దాని అక్షరం నుంచి విడదీయకండి. ఒకే కాలమ్‌లో ఏడెనిమిది మాటలు హాయిగా పడతాయి.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది; పాఠం నలుపు ప్లేటులో మాత్రమే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నేపథ్యం మీద చిన్న తెల్లని అక్షరాలు వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, సిరా కాస్త విస్తరించినా సున్నలూ వత్తులూ పూడుకుపోతాయి. పలుచని కాగితం మీద ముదురు బొమ్మ వేసినప్పుడు వెనక పుటలో కవిత ఉందేమో చూసుకోవాలి. ముఖచిత్రం విషయానికి వస్తే, ఏలూరు రోడ్డు దుకాణాల్లో పత్రికలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, పై భాగం మాత్రమే కనబడుతుంది. పేరు, సంచిక నెల అక్కడే ఉండాలి.

చివరగా ఫోను. అచ్చుకు వెళ్లిన పీడీఎఫ్‌నే వాట్సాప్‌లో పంపుతున్నాం. డెమ్మీ పుట ఫోను తెర మీద కుదించుకుపోతుంది. గుంటూరు బస్సులో కిటికీ పక్కన ఎండలో కూర్చున్న పాఠకుడు ప్రతి వరుసకూ పుటను పెంచి, అటూ ఇటూ జరపవలసి వస్తుంది. తెర వెడల్పును బట్టి వరుసలు తామే సర్దుకునే రూపం విడిగా తయారు చేయాలి. అందుకు పాఠం యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా ఒకేలా గుర్తుపట్టే అక్షర సంకేతాల్లో, ఉండడం తప్పనిసరి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నా, మన పాఠాలు ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలో ఉండిపోతున్నాయి. వాటిని మరోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తుంది. రచయిత నుంచి యూనికోడ్‌లో తీసుకుని, ప్రూఫు దిద్దిన ప్రతిని అలాగే దాచుకుని, దాని నుంచే అచ్చుకూ ఫోనుకూ వెళ్లడం మేలు. ఫోనులో అక్షరం 18 పిక్సెళ్లకు తగ్గకూడదు, వరుస ఎత్తు దానికి 1.7 రెట్లు ఉంటే వత్తులు ఊపిరి పీల్చుకుంటాయి. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2008 నాటి మార్గదర్శకాల్లోనే మామూలు పాఠానికి, నేపథ్యానికి మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 ఉండాలని చెప్పింది. నాజూగ్గా ఉంటుందని పెట్టే లేత బూడిద అక్షరాలు ఆ పరీక్షలో నిలవవు.

ఒక ఫారం డమ్మీ, అంటే అచ్చుకు ముందు చూసుకునే ప్రతి, కట్టండి. అందులో నమూనా వాక్యాలు పెట్టకండి. మీ దగ్గరున్న వాటిలో అతి పొడుగైన శీర్షిక, అధోజ్ఞాపికలు ఎక్కువగా ఉన్న వ్యాసం, పొడుగు పాదాల కవిత, నాసిరకం ఫొటో పెట్టండి. అచ్చు వేయబోయే కాగితం మీదే ముద్రించి, అరవై దాటిన ఒక పాఠకుడికి, చదువు మీద పెద్దగా ఓపిక లేని ఒక యువకుడికి ఇచ్చి, వారు ఎక్కడ ఆగారో గుర్తు పెట్టమనండి. మీరు వెంట తెచ్చిన పాత సంచికలను ఇప్పుడు ఈ బల్ల మీదికి తీసుకురండి; స్కేలు నా దగ్గర ఉంది, వరుసల ఎడంతో మొదలుపెడదాం.